ఆరో దూలం

ఉయ్యాల ఊగినప్పుడల్లా పైనుంచి చిటికెడు తెల్లపొడి రాలుతోంది. పిచ్చమ్మ ఒక చేత్తో చీర ఉయ్యాల ఊపుతూ, వక్క నములుతూ, పక్కనున్న ఆడవాళ్ళకు తన కోడలి సోమరితనం గురించి కథలు చెబుతోంది. ఆ పొడి ఆమె భుజం మీద పడుతోంది, నెత్తిన పడుతోంది. నెరిసిన జుట్టులో కలిసిపోతోంది గాబట్టి ఎవరి కంటా పడటం లేదు. పడింది జీవానందం మేస్త్రీ ఒక్కడి కంటనే.

తలెత్తి చూసే ధైర్యం లేదతనికి. చూడనక్కర్లేదు కూడా. ఉయ్యాల కట్టింది పాత లాంతరు గొలుసుకి. ఆ గొలుసు వేలాడేది ఆరో దూలానికి.

బయట తుఫాను. ముందురోజు సాయంత్రం మొదలైన వాన తెల్లవారినా తెరిపివ్వలేదు. పదిగంటల పొద్దప్పుడు కూడా చర్చిలో దీపాలు పెట్టుకోవాల్సి వచ్చింది. సముద్రం మీద నుంచి వచ్చే గాలి వేదిక పక్కనున్న చిన్న తలుపును ఆగి ఆగి గుద్దుతోంది. దానికి నాలుగు బెంచీలు అడ్డం పెట్టారు. పూడిరేవు ఊరు, దాని పక్కన జాలర్లుండే పట్టపు పాలెం, రెండూ కలిసి రెండు వందల మందికి పైగా లోపలున్నారు. క్రైస్తవులని లేదు, పాలెం వాళ్ళని లేదు, తుఫానొస్తే అందరూ దిబ్బ మీది చర్చికే. ఎనభై నాలుగు తుఫానులో పాలెం మొత్తం కొట్టుకుపోయినప్పుడు ఈ మిద్దె కిందున్న వాళ్ళలో ఒక్క ప్రాణం పోలేదు. ఆనాడు ఇక్కడ తలదాచుకున్న పిల్లలే ఇప్పుడు మనవళ్ళను చంకనేసుకుని వచ్చారు.

ఆ నమ్మకానికి తగ్గట్టే కట్టారు దాన్ని. నూటముప్పై ఏళ్ళ కిందట దొరలు కట్టించిన మద్రాసు మిద్దె. పన్నెండు టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్నటి వాసాలు, దంతెల మీద పలచటి ఇటుకలు నిలువుగా పేర్చి గానుగ సున్నంతో పట్టించారు. దానిపైన ఇటుక జల్లి, సున్నం కలిపి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ చల్లుతూ ముప్పైమంది ఆడవాళ్ళు చెక్కలతో రోజుల తరబడి కొట్టారట. జీవానందం తాత ఆ పనిలో సున్నం మోశాడు. తండ్రి ఏటేటా పైకెక్కి పగుళ్ళు వెతికి, వేలెడు సున్నం పూసి దిగేవాడు. అంతకు మించి ఆ మిద్దె ఏమీ అడగలేదు.

సిమెంటు తెచ్చింది జీవానందమే.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక చోట ఉరుస్తుంటే సున్నం నానబెట్టే ఓపిక లేక ఒక బస్తా సిమెంటు కలిపి పరిచాడు. ఆ బస్తా ఇచ్చిన హజరత్తయ్యకు అదే నెలలో తల్లి పోయింది. పచ్చిగా ఉన్న సిమెంటు మీద మేకుతో ఆమె పేరు రాయమన్నాడు. ఊరి సమాధుల దొడ్డి పల్లంలో ఉంది, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు ఎక్కుతాయి, రెండేళ్ళకు సిలువలు కూడా ఒరిగిపోతాయి. ఇక్కడైతే ఎత్తున ఉంటుంది, నీళ్ళంటవు, దేవుడికి దగ్గర. ఆ మాట ఊరికి నచ్చింది. అప్పట్నుంచి ప్రతి ఏడూ కోత పండుగకు, ఆ ఏడు చావు జరిగిన ఇంటివాళ్ళు తలా ఒక బస్తా సిమెంటు పైకెక్కించడం ఆచారమైంది. జీవానందం దాన్ని చాపంత చదరంగా పరుస్తాడు, మేకుతో పేరూ తేదీలూ రాస్తాడు. చోటు చాలకపోతే పాత పేర్ల మీద కొత్త పేర్లు. ఇప్పుడు మిద్దె మీద జానెడు మందాన చనిపోయినవాళ్ళు ఉన్నారు.

ఆగస్టులో నెల్లూరు నుంచి పాత కట్టడాల పని చూసే ఉష అనే ఇంజినీరమ్మ వచ్చింది. రెండు రోజులు కొలతలు తీసుకుని, సంఘాన్ని కూర్చోబెట్టి చెప్పింది. “సున్నం తడుస్తుంది, ఆరుతుంది. మనిషి చెమట లాగ. సిమెంటు ఆరనివ్వదు. లోపలికి దిగిన నీళ్ళు గోడల్లో ఉన్న దూలాల చివరల దగ్గర నిలబడిపోతాయి. పైన బరువు కూడా ఎక్కువైంది. అదంతా తీసేయాలి.”

సంఘపెద్ద మాల్యాద్రి లేచి నిలబడ్డాడు. అప్పటికి అతని భార్య ఏంజెలిన్ పోయి మూడు నెలలు. “తీసేయడమంటే పలుగులతో పగలగొట్టడమే గదమ్మా? మా వాళ్ళ పేర్లు పగలగొట్టమని చెప్పేదానికా నెల్లూరు నుంచి ఇంత దూరం వొచ్చినావు?”

ఆమె జీవానందం వైపు తిరిగింది. “మేస్త్రీగారూ, మీరు ఎప్పుడూ పైనే ఉంటారు. దూలాల చివరలు చూశారా?”

“చూసినానమ్మా. గట్టిగానే ఉండాయి,” అన్నాడు జీవానందం.

అప్పటికే నాలుగు నెలలైంది అతను చూసి. ఈస్టరుకి గోడలకు సున్నం కొడుతుంటే ఆరో దూలం దక్షిణపు గోడలోకి దిగేచోట చెమ్మ మరక కనిపించింది. గీకాడు. గార ఊడింది. వేళ్ళు పెట్టాడు. వేళ్ళు ఆగలేదు, మణికట్టు దాకా పోయింది చెయ్యి. తడిసిన టీపొడిలాంటిది గుప్పెడు వచ్చింది. దాన్ని పారేసి, ఇటుక ముక్కలు కుక్కి, పైన సిమెంటు మెత్తి, తెల్లగా సున్నం కొట్టి దిగాడు. ఎల్లుండి పండుగ పెట్టుకుని ఈ రభస ఎందుకనుకున్నాడు. ఆ తర్వాత చెబితే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారనుకున్నాడు. ఆ ఇంజినీరమ్మ అడిగిన రోజున నాలుక దానంతటదే కదిలింది. అక్టోబరులో కోత పండుగొస్తే పదకొండు బస్తాలు మళ్ళీ పరిచాడు. పదకొండోది ఏంజెలిన్‌ది.

ఇప్పుడు ఆ దూలం కింద ఉయ్యాల ఊగుతోంది.

“పిచ్చమ్మక్కా, బిడ్డను దించు,” అన్నాడు.

“ఎందుకూ? మా బుడ్డోడు ఇప్పుడిప్పుడే కండ్లు మూసినాడు. కావాలంటే నువ్వు కూడా ఎక్కు మేస్త్రీ, ఊపుతా!”

ఆడవాళ్ళు నవ్వారు. ఉయ్యాల ఊగింది. పొడి రాలింది. ఈసారి చిటికెడు కాదు.

జీవానందం లేచి భార్య దగ్గరకు పోయాడు. ఎస్తేరమ్మ గోడ వారన కూర్చుని ఎవరి పిల్లకో జడ వేస్తోంది. ఆమె పక్కన కూలబడి, చెవిలో చెప్పాడు. నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఎనిమిది నెలలు మోసింది నాలుగు ముక్కలే అయినందుకు అతనికే వింతగా అనిపించింది.

ఎస్తేరమ్మ చేతిలోని జడ ఆగిపోయింది. పిల్లను మెల్లగా పక్కకు పంపింది.

“ఈస్టరప్పుడు చూసినావా?”

“ఊఁ.”

“ఈస్టరు యాడ, డిసెంబరు యాడ! నా పక్కన పడుకుని, నేనేసిన కూడు తిని, ఇది కడుపులో పెట్టుకున్నావా? ప్రతి ఆదివారం నేను కూర్చునేది యాడో నీకు తెలీదా?”

“తెలుసు.”

“నన్ను కూడా చంపేవాడివే.” ఆమె కళ్ళు పైకెళ్ళి, చటుక్కున కిందికి దిగాయి. “లెయ్. అయ్యగారి దగ్గరకు పోదాం పా. నువ్వు చెప్పకపోతే నేను బెంచీ ఎక్కి చెప్తా.”

చర్చి పాస్టరు జడ్సన్ అయ్యగారు కుర్రవాడు, కోవూరు నుంచి వచ్చి రెండేళ్ళే. వేదిక మీద ముసలివాళ్ళకు దుప్పట్లు పంచుతున్నాడు. జీవానందం చెబుతుంటే చేతిలోని దుప్పటి మడత విప్పుతూ, మళ్ళీ మడుస్తూ విన్నాడు.

“ఎంతసేపు ఆగుద్ది?” అని అడిగాడు చివరకు.

“తెలీదు అయ్యగారూ. రేపటిదాకా ఆగచ్చు. ఇప్పుడే పోవచ్చు.”

“బయటకు తీసుకుపోదామంటే బడి ఒక్కటే దిక్కు. రోడ్డు మీద తొడల్లోతు నీళ్ళు. అయినా అందరూ ఉండేది వేదిక పక్కనే. సముద్రం వైపు చిన్న తలుపు తీస్తే గాలి లోపలికి కొట్టుద్ది. ఊరి వైపు పెద్ద తలుపులోంచి బయటపడాలంటే... అందరూ ఆ దూలం కిందగానే పోవాల.”

“అవును.”

“గట్టిగా ఒక్క మాటన్నామంటే తలుపు దగ్గర తొక్కుకుని చస్తారు మేస్త్రీ!”

వెనక నుంచి మాల్యాద్రి వింటున్నాడు. “ఏందయ్యా గుసగుసలు? మళ్ళీ ఆ ఇంజినీరమ్మ పాటేనా? ఎనభై నాలుగులో ఊగని మిద్దె ఇప్పుడు పడతాదా? అప్పటికంటే ఇప్పుడు జానెడు మందం ఎక్కువుండాది. పరిచినోడివి నువ్వే గదా!”

“పరిచినోణ్ణి నేనే గాబట్టే చెప్తుండా,” అన్నాడు జీవానందం.

“గాలికి బెదిరినావు. పోయి కాస్త పడుకో.”

ఇంకేం చెప్పినా మాటలే. మాటలతో దూలం కనబడదు. జీవానందం తన సంచీలోంచి ఉలి, సుత్తి తీశాడు. దక్షిణపు గోడ దగ్గర మూడు బల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కాడు. ఎస్తేరమ్మ కింద బల్లను రెండు చేతులతో పట్టుకుంది. పిచ్చమ్మ మొగుడు, పాలెం పెద్ద అయిన ఓబయ్య చుట్ట చేత్తో పట్టుకుని వింతగా చూస్తూ దగ్గరకొచ్చాడు.

“ఏంది మేస్త్రీ, ఈ గాలిలో బూజు దులుపుతున్నావా?”

సుత్తితో కొట్టాలంటే భయం. దెబ్బ దూలానికి తగిలితే? ఉలి మొనను గారలోకి చేత్తోనే నెట్టి తిప్పాడు. ఈస్టరుకి తను మెత్తిన సిమెంటు పెచ్చుగా లేచింది. లేవగానే నల్లటి నీళ్ళు గోడ వెంట జారాయి. చొక్కా చేతిలోంచి చంక దాకా పాకాయి. కుక్కిన ఇటుక ముక్కల మధ్య దూలం కొస ఉండాల్సిన చోట ఖాళీ. దూలం గోడ మీద ఆనుకుని లేదు. అతను కుక్కిన ఆ ముక్కల మీద ఆనుకుని ఉంది.

ఈస్టరప్పుడు ఇంత లేదు.

“ఓబయ్యన్నా, ఒకసారి ఎక్కి చెయ్యి పెట్టు.”

ఓబయ్యకు డెబ్బై ఏళ్ళు. బల్లలు పిల్లిలా ఎక్కాడు. చెయ్యి లోపల పెట్టి, గుప్పెడు తీసి, వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు. ఇంకాస్త లోపలి నుంచి ఒక పుల్ల విరిచి పంటి కింద పెట్టాడు. మొహంలో వేళాకోళం పోయింది. యాభై ఏళ్ళు పడవల కొయ్య పట్టి చూసినవాడు, టేకు ఎప్పుడు బతికుందో, ఎప్పుడు చచ్చిందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

దిగి, నోట్లోది తుడుచుకుని, మెల్లగా అన్నాడు. “ఇది కొయ్య గాదు. ఇట్టాంటి దాంతో చేసిన పడవెక్కి నేను మోకాటిలోతు కాలవ గూడా దాటను.” పాలెం వాళ్ళ వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. “పిచ్చీ, బిడ్డను ఎత్తుకో. ఊపమాక, ఊరికే ఎత్తుకో. మనోళ్ళంతా లేవండి. అరవమాకండి. బడికి పోతున్నాం.”

పిచ్చమ్మ మొగుడి మొహం చూసింది. వక్క ఉమ్మేసి బిడ్డను తీసుకుంది. నీటి మీద నలభై ఏళ్ళు ఆ గొంతుకు లేచిన మనుషులు గాబట్టి ఎందుకని ఎవరూ అడగలేదు. పాలెం లేచాక ఊరు ఎట్లా కూర్చుంటుంది? మాల్యాద్రి ఒక్కడే బెంచీ మీద గట్టిగా కూర్చున్నాడు.

గోడ వారన క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి తెచ్చిన పొడుగాటి సరుగుడు బాదు, గుంజంత లావుది, పడుంది. కొలిచి, రంపంతో కోసి, దూలం కిందికి నిలబెట్టారు. కింద చెక్కముక్క దోపడం జీవానందం ఎవర్నీ చెయ్యనివ్వలేదు. కాస్త ఎక్కువ బిగిస్తే దూలం లేస్తుంది, ఇటుక ముక్కలు జారతాయి, అంతే. తక్కువైతే బాదు ఉన్నా లేనట్టే. బొటనవేలితో నెడుతూ, చెవి బాదుకు ఆనించి, పైన దూలం దాన్ని తాకిన చప్పుడు వినబడే దాకా నెట్టాడు. అంతకుమించి ఒక వెంట్రుక కూడా కాదు.

“పదిమంది పదిమంది పోవాల. పరిగెత్తకూడదు,” అన్నాడు.

మొదటి పదిమంది దూలం కిందకొచ్చారు. బడి దాకా ఓబయ్య మనుషులు వల తాడు కట్టారు. దాన్ని పట్టుకుని నీళ్ళలోకి దిగారు. జీవానందం బాదును కౌగిలించుకుని, చెవి ఆనించి నిలబడ్డాడు. కొయ్య లోపల నుంచి చప్పుళ్ళు వస్తాయి, అది వినడం తండ్రి నేర్పాడు. టిక్. చాలాసేపటికి ఇంకోటి. టిక్. మనుషులు అతని పక్కగా పోతున్నారు. కళ్ళు మూసుకుని గబగబా పోయేవాళ్ళు. పైకి చూస్తూ కాళ్ళు రాక నిలబడిపోయే వాళ్ళు. ఒక ముసలామె సరిగ్గా దూలం కింద ఆగి ప్రార్థన మొదలుపెట్టింది. “తలుపు దాటినాక చేసుకోమ్మా, నీకు పుణ్యముంటాది,” అంటూ ఎస్తేరమ్మ ఆమెను భుజాలు పట్టుకుని నడిపించింది.

గాలి విసురుకు చిన్న తలుపు ధడాలున మోగింది. బాదు లోపల ఒకేసారి నాలుగు చప్పుళ్ళు. మీద నుంచి గుప్పెడంత గార రాలి జీవానందం మెడ వెనక పడింది. కుర్రాళ్ళు కెవ్వుమన్నారు. జనం ఒక్కసారి ముందుకు తోసుకొచ్చారు.

“ఆగండి!” జడ్సన్ అయ్యగారు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు, సరిగ్గా దూలం కింద. అతని పెదవులు తెల్లగా ఉన్నాయి. “నేను ఇక్కడే ఉంటా. మీరందరూ పోయిందాకా నేను ఇక్కడే ఉంటా. ఇప్పుడు నడవండి.”

నడిచారు.

చివరి వరస పోయేసరికి గంటన్నర పట్టింది. మాల్యాద్రి ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. జీవానందం బాదు దగ్గర నుంచే పిలిచాడు.

“మాల్యాద్రన్నా, రా.”

“నువ్వే గదా రాసింది ఆమె పేరు? రాస్తా రాస్తా ఏమన్నావు? వందేండ్లు చెక్కు చెదరదు అన్నావు.”

“అబద్ధం చెప్పినా. ఆ ఇంజినీరమ్మకూ అబద్ధమే చెప్పినా. మీ అందరికీ చెప్పినా.” జీవానందం ఏడుస్తున్నట్టు అతనికే తెలీదు. “నువ్వు వస్తేనే నేను ఈ బాదు వదిలేది. నువ్వు రాకపోతే ఇద్దరం ఈడే.”

మాల్యాద్రి లేచాడు. పక్కగా పోతూ అతని మొహంలో మొహం పెట్టి చూసి, తలుపు దాటాడు, వెనకే అయ్యగారు. చివరగా జీవానందం బాదు మీద నుంచి ఒక్కో వేలూ తీశాడు. వెనక్కు వెనక్కు నడిచి, గడప దాటి, తలుపు వేసి, గొళ్ళేనికే వేలాడుతున్న తాళం బిగించి, తాళంచెవి పిడికిట్లో పెట్టుకున్నాడు.

బడిలో ఇరుకు. స్లాబు గట్టిదే గానీ కిటికీలకు రెక్కల్లేవు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. మధ్యాహ్నం మూడైంది, మిద్దె నిలబడే ఉంది. నాలుగు కావచ్చింది, నిలబడే ఉంది. గొణుగుడు మొదలైంది. మేస్త్రీకి మతి చలించింది, ముసలాళ్ళను నీళ్ళలో ఈడ్పించాడు. చర్చి వెనక గదిలో రెండు గంగాళాల అన్నం వండి పెట్టి వచ్చారు, అది చల్లారిపోతోంది. నలుగురు కుర్రాళ్ళు తాడు పట్టుకుని పోయి తెస్తామని లేచారు.

“తాళంచెవి ఇయ్యి మామా, రెండు నిమిషాల పని.”

జీవానందం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఇప్పుడు అతని భయం రెండు తలలతో ఉంది. పడితే చర్చి పోతుంది. పడకపోతే రేపు పొద్దున్నే వీళ్ళంతా నవ్వుకుంటూ మళ్ళీ దాని కిందికే పోతారు.

“ఇయ్యను.”

“నీ సొంత ఇల్లా అది?”

“వాన తగ్గింది లేరా, అంత తొందరేంది,” అన్నాడు ఓబయ్య కిటికీలోంచి చూస్తూ. “అదో, పిట్టగోడ తూములోంచి ఇందాక ధారగా పడతా ఉన్న నీళ్ళు ఆగిపోయినాయి.”

జీవానందం తిరిగి చూశాడు. వాన తగ్గలేదు. బడి ముందు నీళ్ళు చినుకుల దెబ్బకు కుతకుత ఉడికినట్టే ఉన్నాయి. మిద్దె మీద వాన పడుతోంది, తూములోంచి రావడం లేదు. మరి ఆ నీళ్ళన్నీ ఎటు పోతున్నట్టు?

“అన్నా, అది...” అనబోయాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. ఆ గాలి హోరులో ఎవరో బరువైన మూట దించినట్టు ఒక్క మోత. కిటికీల్లోంచి తెల్లటి దుమ్ము ఎగిసి, వెంటనే వానకు అణిగిపోయింది. మిద్దె నడుమ, ఆరో దూలానికి అటో అంకణం ఇటో అంకణం మేర, పిట్టగోడ లోపలికి ఒరిగి మాయమైంది.

బడిలో పసిబిడ్డలు కూడా ఏడుపు ఆపేశారు. కుర్రాళ్ళలో ఒకడు నేల మీద కూర్చుండిపోయాడు. పిచ్చమ్మ మనవణ్ణి ఎంత గట్టిగా అదుముకుందంటే వాడు గిలగిల్లాడి మళ్ళీ ఏడవడం మొదలుపెట్టాడు.

మాల్యాద్రి కిటికీ ఊచలు పట్టుకుని, “ఆ నడుమే ఆమె పేరుండేది,” అన్నాడు, ఎవరితోనో తెలీకుండా.

చాలాసేపటికి జడ్సన్ అయ్యగారు దగ్గరకొచ్చి చెయ్యి చాపాడు. “మేస్త్రీ, తాళంచెవి ఇటివ్వు. గాలి తగ్గినాక పోయి చూసొద్దాం. మిగతాదంతా బాగానే నిలబడుండాది గదా.”

జీవానందం పిడికిలి విప్పలేదు. ఎస్తేరమ్మ వచ్చి ఆ పిడికిలి మీద చెయ్యి వేసింది, అయినా విప్పలేదు.

“ఆ ఇంజినీరమ్మ వచ్చిందాకా ఎవరికీ ఇయ్యను అయ్యగారూ. ఇంకా పదకొండు దూలాలుండాయి. వాటి చివరలు నేను చూళ్ళేదు.”